దొడ్డమ్మ మల్లెకి దువ్వెన

ఆ రోజుల్లో భిలాయిలో పుట్టిన తెలుగు పిల్లల తెలుగు ఎలా ఉండేదో చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. అన్నం, పప్పు, స్నానం, చదువు, తిట్లు, ఇంతవరకే తెలుగు. గడప దాటితే హిందీ. అంచేత తినడానికీ తిట్టించుకోవడానికీ సరిపడా తెలుగు మాకు వచ్చేది, మిగతా లోకమంతా హిందీలో ఉండేది. చెట్టు తెలుసు, ఆకు తెలుసు, పువ్వు తెలుసు. వాటిని ఏం చెయ్యాలో చెప్పే మాటలు మాత్రం మా సెక్టర్ నాలుగు దాకా రైలెక్కి రాలేదు. (వచ్చి ఉంటే మా వీధి పిల్లలు నన్ను ఏడాది పొడుగునా 'నాయీ భయ్యా' అని పిలిచేవాళ్ళు కాదు. నాయీ అంటే మంగలి.) ఇవాళ నేను ఈ మాత్రం తెలుగు రాస్తున్నానంటే దానికి కారణం ఒక మల్లెమొక్క, ఒక దువ్వెన. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తరవాత నవ్వితే నాకు కోపమొస్తుంది.

మల్లెమొక్క మా దొడ్డమ్మది. అంటే నాన్నకి వదిన. వాళ్ళ క్వార్టరూ మా క్వార్టరూ ఒకే గోడకి చెరోవైపు. పెళ్ళయి విజయనగరం పక్క పల్లెటూరి నుంచి వచ్చేటప్పుడు ఆవిడ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కొమ్మ అది. సగానికి కోసిన ఇనప డ్రమ్ములో పాతింది, వరండా మూల పెట్టింది, కన్నబిడ్డ కంటే ఎక్కువగా చూసుకుంది. మా ఊళ్ళో వసంతం అంటే పేరుకే. ఫిబ్రవరి సగం దాటేసరికి గాలి పొడిబారిపోతుంది, చలికాలమంతా మిడిసిపడ్డ డాలియాలు తలలు వాల్చేస్తాయి, పెటూనియాలు అప్పడాల్లా అయిపోతాయి. అప్పుడు మొదలయ్యేది దొడ్డమ్మ మల్లె. ఎండ ఎంత కాస్తే అంత పూసేది. సాయంత్రం పూట ఆ వీధిలో నడిచిన హిందీవాళ్ళు కూడా ఆ వరండా ముందు ఓ క్షణం ఆగేవాళ్ళు.

ఆ ఏడాది మాత్రం ఆ మొక్క మీద పెద్ద భారమే పడింది. మా చెల్లి బుజ్జి అప్పుడు మూడో తరగతి. అంతకు ముందు దానికి టైఫాయిడ్ వచ్చి తగ్గక తగ్గక తగ్గితే, అమ్మ భయపడిపోయి సింహాచలంలో దాని తలనీలాలు ఇస్తానని మొక్కేసుకుంది. వేసవి సెలవుల్లో ప్రయాణం. సంగతి తెలియగానే బుజ్జి మంచం కిందకి దూరి, "మై నహీ జాఊంగీ! స్కూల్లో అందరూ టకలీ అంటారు!" అని అక్కడే కాపురం పెట్టేసింది. టకలీ అంటే గుండుపిల్ల. నడుం దాటిన జుట్టు మరి. మొక్కు తీరకపోతే జ్వరం మళ్ళీ తిరగబెడుతుందేమోనని అమ్మకి బెంగ, గుండు కొట్టిస్తే పిల్ల బెంగపెట్టుకుంటుందేమోనని ఇంకో బెంగ. చివరికి దొడ్డమ్మే వచ్చి నేలమీద చతికిలబడి, మంచం కిందకి తల వంచి రాజీ కుదిర్చింది.

"ఓలమ్మా, నా మల్లి పూసిందనుకో, ముందు నీకు పూలజడ ఏస్తాను. మొగ్గలతో, మెడ కాడ్నించి కింద కంటా. సుపేలా బజారుకి తీసికెళ్ళి ఫోటో తీయిస్తాను. ఎవులైనా గుండు సూసి నవ్వినారనుకో, ఆ ఫోటో తీసి మొహాన కొట్టు. సరేనా?"

"మల్లీ నహీ ఖిలీ తో?" అంది లోపల్నుంచి గొంతు. పూయకపోతే గుండు కూడా లేదని దొడ్డమ్మ ఒట్టేసింది. అమ్మ మొహం చూడాలి అప్పుడు! దేవుడి మొక్కు కాస్తా తీసుకెళ్ళి డ్రమ్ములో పాతినట్టయింది. బజారులో కొనకూడదా అంటారేమో. అప్పట్లో సుపేలా పూలకొట్లలో దొరికేవి బంతిపూల దండలూ, విచ్చిపోయిన మోగ్రా మల్లెలూ. పూలజడకి విచ్చని మొగ్గలు కావాలి, అవీ బోలెడు కావాలి. బంతిపూలతో జడ వేస్తే పిల్ల పెళ్ళిపందిరి గుంజలా ఉంటుంది.

ఇంతలో దొడ్డమ్మ కూతురికి నెలలు నిండటంతో ఆవిడ జనవరి చివర్లో పురిటికి సాయంగా విజయనగరం బయల్దేరింది. దుర్గ్ స్టేషనుకి దింపడానికి నేను వెళ్ళాను. నాకప్పుడు స్టీలు ప్లాంటులో కొత్తగా ట్రైనింగు. తలమీద హెల్మెట్ పెట్టుకున్నాక లోపలున్నదాన్ని వాడక్కర్లేదనుకునే వయసు. రైలు కదులుతుంటే దొడ్డమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి అరిచింది. "ఒరే, మల్లి జాగర్తరా! ముందు దాన్ని ఎండగట్టు! మరిసిపోకు, బాగా ఎండగట్టాల! బుజ్జి జడ నీ సేతిలో ఉంది!"

"అలాగే దొడ్డమ్మా!" అని నేనూ అరిచాను. మీరే చెప్పండి, నా తప్పేముంది? ఎండ అంటే తెలుసు, ధూప్. కట్టు అంటే తెలుసు, బాంధో. ధూప్ మే బాంధో. ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఏం చెబుతారు? ఎండగట్టడం అంటే నీళ్ళు మానేసి వాడబెట్టడమని నాకు ఏ క్లాసులో చెప్పారు? మర్నాడే పొరుగింటి చాచాజీని బతిమాలి సాయం పట్టించి, డ్రమ్ముని దొడ్డమ్మ వరండాలోంచి మా పెరట్లోకి ఈడ్చి, బట్టలారేసే తీగ స్తంభం పక్కన పెట్టాను. అటకమీద నుంచి పాత మంచం నవారు తీసి మొక్కని స్తంభానికి చుట్లు చుట్లుగా కట్టాను. బాగా కట్టమంది కదా అని ముడి మీద ముడి వేశాను.

చాచాజీ అప్పటికి రిటైరై ఉన్నారు, చూడ్డానికి బోలెడు టైముండేది. మీసం దువ్వుకుంటూ, "క్యోఁ బేటా, భాగ్ రహా థా క్యా?" అన్నారు. పారిపోతోందా అని! "మా ఆంధ్రాలో ఇలాగే చేస్తారు" అన్నాను, ఆంధ్రా మొత్తం నాకు తెలిసినట్టు. నీళ్ళ సంగతి దొడ్డమ్మ చెప్పలేదు, నేను అడగలేదు, పొయ్యలేదు. చెప్పని పని చెయ్యడం ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. నాన్నది కోక్ ఓవెన్లలో డ్యూటీ, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రే. ఓ రోజు లుంగీ ఆరేస్తూ నవారు చూసి, "ఏటిది?" అన్నారు. దొడ్డమ్మ చెప్పిందన్నాను. వదిన మాటకి ఎదురు లేదు గనక లుంగీ ఆరేసుకుని వెళ్ళిపోయారు.

మొక్క వాడిపోసాగింది. నాకు అయోమయంగా ఉంది గాని అడగడానికి తెలిసినవాళ్ళెవరూ మేలుకుని లేరు. విజయనగరంలో వాళ్ళకి ఫోను లేదు. ఉత్తరం రాద్దామంటే నాకు తెలుగు రాయడం రాదు, హిందీలో రాస్తే ఆవిడకి చదవడం రాదు. చివరికి దొడ్డమ్మే అక్కడి బూత్ నుంచి చాచాజీ ఇంటికి ఫోన్ చేసింది. మా వీధికంతటికీ అదొక్కటే ఫోను. లైనులో గాలివాన.

"ఎండగట్టినావా?"

"కట్టాను దొడ్డమ్మా! నవారుతో కట్టాను!"

"వారమేనా? వారం సాల్దురా, ఇంకో వారం ఉండనీ! ఆ తరవాత ఆకు దూసీ!"

"ఏంటీ?"

"ఆకురా, ఆకు! దూసీ! మొదట్నించి కొసకంటా! కొమ్మ ఇరక్కుండా మెల్లిగా..." అక్కడ లైను తెగిపోయింది.

దూసెయ్యడం అంటే కొమ్మని వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క లాగుతో ఆకు రాల్చెయ్యడం. ఈ మాట నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నా చెవిలో పడింది 'దువ్వీ' అని. ఎందుకు పడదు? రోజూ పొద్దున్నే అమ్మ నోటివెంట వినే మాట అది. "బుజ్జీ, తల దువ్వీ, రిక్షా వచ్చేస్తోంది!" పైగా మొదట్నించి కొసకంటా, మెల్లిగా. జుట్టయినా అంతే కదా దువ్వుతాం! అయినా నాకూ అనుమానం రాకపోలేదు. వంటింట్లోకి వెళ్ళి అమ్మనడిగాను. మా అమ్మ రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. ఆవిడకి వంటింటి తెలుగే గాని పెరటి తెలుగు రాదు. గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించి, "అక్కయ్య చెప్పిందంటే ఏదో ఉండే ఉంటుందిరా. మల్లి కదా, జడలోకెళ్ళే పువ్వు. అందుకే దువ్వాలేమో" అంది. ఇది విన్నాక నాకు అనుమానం పూర్తిగా తీరిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే మా ఇంట్లో అందరికీ తలో అణా బుద్ధే ఉండేదేమో అనిపిస్తుంది.

వారం ఆగి దువ్వడం మొదలుపెట్టాను. బుజ్జి దువ్వెన దానిదే ఇచ్చింది, పళ్ళు వెడల్పుగా ఉండే చెక్క దువ్వెన. తన జడ కోసం గనక ఆ పిల్లకి పట్టుదల నాకంటే ఎక్కువ. అది కొమ్మని మొదట్లో పట్టుకునేది, నొప్పి పుట్టకుండా అమ్మ పట్టుకున్నట్టే. నేను మెల్లిగా కొసదాకా దువ్వేవాణ్ణి. "భయ్యా, కొబ్బరినూనె లగాయే క్యా?" అని అడిగింది ఓసారి. నూనె సంగతి దొడ్డమ్మ చెప్పలేదని గట్టిగా కసిరాను. (ఆ మాత్రం క్రమశిక్షణ నాకుంది.) గోడ మీదనుంచి వీధి పిల్లలు వరసగా తలలు పెట్టి చూసేవాళ్ళు. నాయీ భయ్యా అన్న బిరుదు ఆ గోడమీదే పుట్టింది. చాచాజీ అయితే కుర్చీ తెచ్చి వేసుకున్నారు. "మాంగ్ కిధర్ సే నికాలోగే?" పాపిట ఏ వైపు తీస్తావని ఆయన అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పటికే వాడిన మొక్క. దువ్విన కొద్దీ ఆకులు దువ్వెన పళ్ళలో చిక్కుకుని ఊడి రావడం మొదలైంది. మెల్లిగా దువ్వితే మెల్లిగా ఊడాయి, గట్టిగా దువ్వితే గట్టిగా ఊడాయి. దొడ్డమ్మ చెప్పిన పని ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఓ ఆదివారం పొద్దున్న చూస్తే స్తంభానికి కట్టి ఉన్నది మల్లె కాదు, ఒట్టి పుల్లల కట్ట. బుజ్జి దువ్వెన చేత్తో పట్టుకుని దానికేసి గుడ్లప్పగించి చూసింది. "భయ్యా! యే తో టకలా హో గయా!" అంది. తరవాత తన జడ రెండు చేతులతో పట్టుకుని ఒక్క ఏడుపు. మొక్క పోయిందని కాదు. "నాకూ ఇలాగే అయిపోతుంది కదా! ఫిర్ కభీ నహీ ఆయేంగే!" అని. జుట్టు మళ్ళీ రాదనే భయం ఆ పిల్ల లోపల ఇన్నాళ్ళూ ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ మొండిపుల్లలు చూపించి మళ్ళీ వస్తాయని ఏ మొహంతో చెప్పను? నాకూ ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళవాణ్ణి, ఏడిస్తే బాగుండదని ముక్కు చీదుకుని ఊరుకున్నాను.

ఇక అక్కణ్ణించి నేను చేసినదానికి ఏ లెక్కా లేదు. చచ్చిన మొక్కని బతికించాలి, అంతే. బకెట్లకి బకెట్లు నీళ్ళు పోశాను. సుపేలా అవతల గేదెల కొట్టం నుంచి చివికిన పేడ సైకిలు మీద తెచ్చి డ్రమ్ము నిండా పోశాను. (సైకిలు మీద వాసన పోక, ట్రైనింగు స్టాండులో నా పక్కన ఎవరూ సైకిలు పెట్టలేదు.) చాచాజీ వచ్చి ఓ పుల్ల గోకి చూసి, "గయా" అన్నారు, పోయిందని. ఇంకొకాయన ఉప్పు వెయ్యమన్నాడు, ఇంకొకావిడ దిష్టి తగిలింది మిరపకాయలు తిప్పమంది. ఉప్పు వెయ్యలేదు గాని మిరపకాయలు తిప్పాను. బుజ్జి రోజూ బడి నుంచి రాగానే సంచీ దింపకుండా పెరట్లోకి పరిగెత్తేది, తిరిగొచ్చి తిన్నగా మంచం కిందకి పోయేది. అమ్మ దేవుడి గదిలో కూర్చుని, నువ్వే చూసుకో తండ్రీ అని మొక్కును తిరిగి ఆయన నెత్తినే పెట్టేది.

హోలీ దగ్గర పడుతుండగా ఓ సాయంత్రం పెరట్లోంచి కేక. పడిందేమో అనుకుని పరిగెత్తాను. బుజ్జి డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడి ఉంది. ప్రతి కణుపు దగ్గరా ఎర్రగా లేత చిగురు. ముట్టుకోబోతే చెయ్యి మీద ఒక్కటేసింది నన్ను. తరవాత రోజుల్లో ఆకులొచ్చాయి, ఆకుల వెనకే మొగ్గలొచ్చాయి. నాకు తెలిసి ఆ మొక్క ఎప్పుడూ అంత విరగబూయలేదు. చాచాజీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. ఎందుకు చచ్చిందో, ఎందుకు బతికిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అడిగినవాళ్ళకి మాత్రం, "మా ఆంధ్రాలో ఇలాగే చేస్తారు" అని చెప్పాను.

అక్కడ మనవణ్ణి కొన్నాళ్ళు ఎత్తుకుని ఆడించి, మార్చి నెలాఖర్లో దొడ్డమ్మ తిరిగొచ్చింది. రిక్షా దిగి, వరండా మూల ఖాళీగా కనిపించేసరికి తిన్నగా మా పెరట్లోకే నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. "ఓలమ్మో! ఏటిరా ఇది? మొక్కని నవారేసి కట్టీసినావేటి, దొంగని కట్టినట్టు?"

"నువ్వే కదా దొడ్డమ్మా ఎండలో కట్టమన్నావు!"

"నానా? నానెప్పుడు... ఓరి గుంటడా! ఎండగట్టమంటే ఇలగ కట్టీసినావా?" అంటూనే ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. ఇంతలో బుజ్జి చాడీలు చెబుతున్నంత సంబరంగా, "దువ్వాం కూడా దొడ్డమ్మా! నా దువ్వెనతో! నూనె పెట్టనీలేదు భయ్యా!" అంది. దొడ్డమ్మ అక్కడే డ్రమ్ము పక్కన కూలబడింది. ఎంత నవ్విందంటే పైట నోట్లో కుక్కుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మధ్యలో "దువ్వినాడట!" అని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తరవాత ఊపిరి తీసుకుని అన్నీ చెప్పింది. నీళ్ళు మాన్పించి వాడబెట్టాలి, ఆకు దూసెయ్యాలి, ఆ పైన నీళ్ళూ ఎరువూ దండిగా ఇయ్యాలి, అప్పుడే మల్లె పూస్తుంది. "ఏ పని ఎందుకు సేసినావో నీకే తెల్దు గాని, అన్నీ ఏళకే సేసినావురా" అని నా బుగ్గలు పుణికింది. పొగిడిందో తిట్టిందో నాకు అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.

బుజ్జి పరీక్షలయ్యాక, సింహాచలం ప్రయాణానికి ముందు రోజు పూలజడ వేసింది దొడ్డమ్మ. పొద్దున్నే కోసిన మొగ్గలు చీపురుపుల్లలకి గుచ్చి, వరసలు వరసలుగా జడకి పెట్టి కుట్టింది. మధ్యలో ఎర్రగులాబీ రేకులు. నేను డ్యూటీకి తయారవుతూ వెనకనుంచి చూశాను. ఆ పిల్ల వీపే కనిపించలేదు. మెడ నుంచి నడుం కింద దాకా తెల్లగా మొగ్గల బాట, కదిలితే మొత్తంగా కదిలేది. బుజ్జికి మాత్రం చూసుకునే దారి లేదు. మా ఇంట్లో ఉన్నది మొహం పట్టే అద్దం ఒక్కటి. "ఎలా ఉంది భయ్యా? బతావో నా!" అని మెడ అటూ ఇటూ తిప్పుతుంటే, "తిరిగొచ్చాక ఫోటోలో చూద్దువుగాని" అని నేను సైకిలెక్కి వెళ్ళిపోయాను. అమ్మ మూటలు సర్దే హడావిడిలో ఉంది. దొడ్డమ్మే దాన్ని తీసుకుని సుపేలా స్టూడియోకి వెళ్ళింది.

సింహాచలంలో బుజ్జి కిక్కురుమనలేదు. ఫోటో ఉందిగా మరి! తిరిగొచ్చాక నున్నటి గుండుకి రుమాలు కట్టుకుని, ఇంట్లో కాళ్ళు కడుక్కోకుండానే నా సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కి కూర్చుంది. స్టూడియోలో కవరు తనే అందుకుంది, తనే తీసింది. ఫోటోలో మా బుజ్జి ఉంది. కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొట్టూ కాటుకతో, కెమెరాకేసి సూటిగా చూస్తూ. చాలా దూరంగా, చాలా చిన్నగా. జడ లేదు. బుజ్జి ఫోటోకేసి చూసింది. తరవాత ఫోటోని వెనక్కి తిప్పింది. జడ అటువైపు ఉంటుందనుకుంది. వెనక తెల్లకాగితం. మళ్ళీ ముందుకి తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది.

స్టూడియో అతన్ని నిలదీశాను. పాపం, అతనికి పూలజడ సంగతేం తెలుసు? "ఆంటీజీ నే హీ బోలా, పీఛే సే లేనా, పీఛే సే లేనా. మై పీఛే దీవార్ తక్ చలా గయా!" అన్నాడు. మా దొడ్డమ్మ హిందీ! వీపు వైపు నుంచి తియ్యమని ఆవిడ. వెనక్కి జరిగి తియ్యమంటోందనుకుని అతను. వెనక గోడకి వీపు ఆనేదాకా వెళ్ళి మరీ తీశాడట. తరవాత దొడ్డమ్మ కూడా, "కుర్రోడు మంచోడే, సెప్పగానే ఎనక్కెళ్ళినాడు" అనే చెప్పింది. బుజ్జీ, నువ్వైనా చెప్పొద్దా అంటే, "కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు కదా" అంది. ఆ పైన గుండు మీద రుమాలు మొహం మీదకి లాక్కుని ఏడ్చింది.

ఇంటికి వస్తుంటే సైకిలు కడ్డీ మీద వెక్కిళ్ళు. నాకేం చెయ్యాలో తోచక, "నేను చూశాను కదే" అన్నాను. కాసేపటికి, "ఎలా ఉండేది?" అంది రుమాల్లోంచి. వచ్చీరాని తెలుగులో, మధ్య మధ్య హిందీలో చెప్పాను. మొగ్గలెలా ఉన్నాయో, రేకులెక్కడ పెట్టిందో, నడిస్తే ఎలా కదిలిందో. "ఎంత పొడుగు?" అంది. నడుం కిందకి అన్నాను. "ఇంకా కిందకి?" అంది. ఇంకా కిందకి అన్నాను. ఇంటి మలుపు తిరిగేసరికి వెక్కిళ్ళు ఆగాయి.

అప్పణ్ణించి ఆ జడకి సాక్షిని నేనే. సరిగ్గా చెప్పడానికని పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నాను. రాయడం, చదవడం, పెరటి మాటలతో సహా. దొడ్డమ్మ ఇప్పుడు లేదు, మల్లె కూడా క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఎవరికో ఇచ్చేశాం. బుజ్జికి జుట్టు మళ్ళీ వచ్చింది, ఒకటీ రెండూ నెరిసింది కూడా. అయినా కలిసినప్పుడల్లా దాని కూతురు ఆ ఫోటో పట్టుకొచ్చి, "మామా, జడ ఏదీ?" అంటుంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెడతాను. మొన్న చెప్పినప్పుడు జడ మోకాళ్ళు దాటింది. బుజ్జి పక్కనే కూర్చుని విన్నది గాని, ఆ కొలత తప్పని అనలేదు.